పైకి కనబడని కామెర్లు

పోయిన నెలలో ఆంటీ పోయింది. మా సంఘం భాషలో చెప్పాలంటే ప్రభువునందు నిద్రించింది. ఆవిడ నాకు చుట్టం కాదు. ఈ దీవుల్లో, మా షాదీపూర్‌లో ఆవిడకి చుట్టాలంటూ ఎవరూ లేరు. భర్త ఎప్పుడో పోయాడు, ఒక్కగానొక్క కూతురు పెళ్ళి చేసుకుని విశాఖపట్నంలో ఉండిపోయింది. అందువల్ల ఊరందరికీ ఆంటీ అయింది. తెలుగు చర్చిలో మాకు ఆంటీ, ఎదురింటి బెంగాలీ వాళ్ళకి ఆంటీ, కాలేజీలో చదువుకోవడానికి వచ్చి ఆవిడ ఇంటి వెనక గదుల్లో అద్దెకుండే పిల్లలకి ఆంటీ. పేరు రాయడం లేదు. బతికుంటే ఆవిడ దీనికి ఒప్పుకునేది కాదు. పేరూ, ఇంటి గుర్తులూ లేకుండా ఒక మనిషి గురించి మాట్లాడటం ఆవిడ దృష్టిలో సగం అబద్ధం.

జ్ఞాపకార్థ కూడికలో ఐదుగురు మాట్లాడారు. ఐదుగురూ 'గొప్ప ప్రార్థనాపరురాలు' అన్నారు. సంఘ కార్యదర్శిని గనక ఆరోవాడిగా నేనూ లేచి అదే మాట అని కూర్చున్నాను. సముద్రం ఉప్పగా ఉంటుంది అన్నట్టుంది ఆ మాట. నిజమే, దానివల్ల ఎవరికీ ఏమీ తెలియదు. ఆవిడ ఎలా ప్రార్థించేదో ఎవరూ చెప్పలేదు. చెబితే జనం నవ్వుతారు. జ్ఞాపకార్థ కూడికల్లో నవ్వడం మాకు అలవాటు లేదు.

ఆవిడ ప్రార్థనల్లో చిరునామాలుండేవి. దానికో కారణం ఉంది. మా సంఘంలో యోహానులు ఇద్దరు. షాదీపూర్ యోహాను ఏళ్ళ తరబడి ఉద్యోగం లేక తిరుగుతున్నవాడు. బ్రూక్షాబాద్ యోహాను మంచి ఉద్యోగంలో ఉన్నవాడు, ఆరాధనకి ప్రసంగం సగమయ్యాక వచ్చి కూర్చునేవాడు. ఆంటీ మొదటివాడి కోసం నలభై రోజులు ప్రార్థన పెట్టింది. నలభయ్యో రోజుకి రెండోవాడికి ప్రమోషన్ వచ్చింది. ఇంకొకరైతే దేవుడి చిత్తం అనుకుని ఊరుకునేవారు. ఆంటీ మాత్రం తప్పు తనదేనని తేల్చుకుంది. వివరాలు సరిగ్గా ఇవ్వకపోతే ఆయన మాత్రం ఏం చేస్తాడు? ఆ రోజు నుంచి ఆవిడ ప్రార్థన ఇలా సాగేది:

"ప్రభువా, షాదీపూర్‌లో, వాటర్ ట్యాంకు దాటాక రెండో సందులో, కుడిచేతి వైపు పచ్చగేటు ఇంట్లో, మేడమీద ఉన్న మేరీకి నడుంనొప్పి. కింద ఉన్న మేరీకి కాదు నాయనా. దానికి బాగానే ఉంది, నిన్ననే చూశాను."

అందరం కళ్ళు మూసుకుని ఉండేవాళ్ళం. పెదాలు బిగబట్టుకునేవాళ్ళం. గేటు రంగు మార్చుకున్నవాళ్ళు ముందుగా ఆవిడకి కబురు చెయ్యడం మా పేటలో ఆనవాయితీ అయిపోయింది. మేం మా నీలం గేటుకి గోధుమరంగు వేయించినప్పుడు, ఆ రంగు ఇంకా తడిగా ఉండగానే మా ఆవిడ ఫోన్ చేసి చెప్పింది. ఎందుకైనా మంచిదని.

తెలుగు రానివాళ్ళ కోసం ప్రార్థించేటప్పుడు ఆంటీ హిందీలోకి మారేది. మారేముందు దేవుడికి చెప్పి మారేది. "ప్రభువా, ఈ దీదీకి తెలుగు రాదు, కాసేపు హిందీలో చెప్తాను. సునియే ప్రభుజీ..." అని ఎదురింటి బెంగాలీ దీదీ మోకాలు గురించి మొదలుపెట్టేది. ఆ దీదీ తలమీద కొంగు కప్పుకుని బుద్ధిగా కూర్చుని, తన మోకాలి పేరు వినబడినప్పుడల్లా తల ఊపేది. అయ్యాక మళ్ళీ "చలో ప్రభువా, ఇంక తెలుగు" అనేది ఆంటీ.

శుక్రవారం సాయంత్రాలు ఇంటింటా వంతులవారీగా కూడిక జరిగేది. రెండు పాటలు, ఒక వాక్యం, ఆ తర్వాత అసలు సంగతి, అంటే అవసరతలు. ఎవరి ఇంట్లో ఏ కష్టం ఉంటే అది చెప్పుకోవాలి, అందరూ దాని కోసం ప్రార్థించాలి. మా చర్చిలో దీన్ని ప్రార్థన అనేవాళ్ళం. కూడిక అయ్యేసరికి మాత్రం ఏ ఇంట్లో అల్లుడు అలిగి కూర్చున్నాడో, కాలేజీలో ఎవరి పిల్లకి ఏ సబ్జెక్టు పోయిందో, సముద్రం బాగోలేక ఎవరి పెళ్ళివారు ఏ జెట్టీలో చిక్కుకుపోయారో అందరికీ తెలిసిపోయేది. ఒకసారి ఒకాయన తెలివిగా, "ఒక సహోదరుడి కుటుంబంలో సమాధానం కోసం" అన్నాడు. ఎవరా సహోదరుడని ఆంటీ అడిగింది. దేవుడికి తెలుసులెండి అన్నాడాయన.

"ఆయనకి తెలుసు బాబూ. ఆమెన్ అనాల్సింది మేం కదా. ఎవరో ఏటో తెలీకుండా నాను ఆమెన్ అననేను."

మర్నాటి కల్లా ఆ సహోదరుడు ఆయనేనని షాదీపూర్ అంతటికీ తెలిసింది.

నేను కాలేజీ ఆఫీసులో సూపరింటెండెంటుని. హాజరు పట్టికలు, హాల్ టికెట్లు, సర్టిఫికెట్లు నా చేతిమీదుగా నడుస్తాయి. సోమవారం పొద్దున టీ తాగేటప్పుడు తోటివాళ్ళకి శుక్రవారం కూడిక ఆడి చూపించడం నాకో సరదా. చేతికర్ర లేని రోజుల్లోనే ఆవిడకి మెడ ఒకవైపు వాల్చి, కుడిచేత్తో దారి చూపిస్తూ ప్రార్థించే అలవాటుండేది, ఆటోవాడికి మలుపు చెప్పినట్టు. ఆ చెయ్యి నాకు బాగా వచ్చేది. హిందీవాళ్ళు, తమిళులు కూడా పడీపడీ నవ్వేవాళ్ళు. ఒక ముసలామె విశ్వాసాన్ని అమ్ముకుని నేను ఆఫీసులో సరదా మనిషినన్న పేరు తెచ్చుకున్నాను.

ఆరేళ్ళ కిందట, నీళ్ళు మూడు రోజులకోసారి వచ్చే కాలంలో ఆంటీ పడింది. తెల్లవారకుండానే కొళాయి వచ్చిందని గొట్టం పట్టుకుని పరిగెత్తి డ్రమ్ము పక్కన జారింది. తొడ ఎముక విరిగింది. ఏడు వారాలు పెద్దాసుపత్రిలో ఉంది. కూతురు విమానంలో వచ్చి వారం ఉండి, పిల్లల పరీక్షలని వెళ్ళిపోయింది. సంఘం తరఫున ఆవిడ బాధ్యత మేం తీసుకున్నాం. వంతులు వేసుకున్నాం. రోజుకి ఇద్దరు వెళ్ళి ప్రార్థించి, అరటిపళ్ళు పెట్టి వచ్చేవాళ్ళం. మంచం పక్క అల్మారాలో పళ్ళు పట్టక వార్డు మొత్తానికి పంచాల్సి వచ్చింది. ఆవిడ దగ్గర ఉండిపోయేందుకు మాత్రం మాలో ఎవరికీ వంతు పడలేదు.

ఉండిపోయింది సునీత. ఆంటీ వెనక గదిలో అద్దెకుండి మా కాలేజీలో బీయస్సీ రెండో సంవత్సరం చదివే పిల్ల. ఫెరార్గంజ్‌లో కూరగాయలు పండించుకునే రైతు కూతురు. బెడ్‌పాన్ అందించింది, నడిపించింది, మందుల చీటీ పట్టుకుని పరిగెత్తింది. ఏడు వారాలు క్లాసుల మొహం చూడలేదు.

అదే కాలేజీలో, అదే సంవత్సరం మావాడు బీకాం. వాడూ క్లాసుల మొహం చూడలేదు. వాడికి ఆస్పత్రి పని లేదు. మోటారు సైకిలు, క్రికెట్టు, చిడియాటాపు దాకా స్నేహితులతో షికార్లు. మార్చిలో హాజరు పట్టిక నా బల్లమీదికి వచ్చింది. పరీక్షకి కూర్చోనివ్వని వాళ్ళ జాబితాలో సునీత ఉంది, మావాడూ ఉన్నాడు. ఇద్దరిలో హాజరు తక్కువ మావాడిదే.

దీనికో మార్గం ఉంది. విద్యార్థికి జబ్బు చేసిందని డాక్టరు సర్టిఫికెట్ ఉంటే, హాజరు తగ్గినా పరీక్ష రాయనిస్తారు. ఆఫీసులో దాన్ని కండోనేషన్ అంటాం. నాకు తెలిసిన డాక్టరు ఒకాయన ఉన్నాడు. జనవరి నుంచి ఫిబ్రవరి దాకా మావాడికి కామెర్లని, పూర్తి విశ్రాంతి అవసరమైందని రాసిచ్చాడు. కాగితం ఫైల్లో చేరింది. దానిమీద 'పరిశీలించబడింది' అని సంతకం పెట్టింది నేనే.

ఆ వారమే ఆంటీ మా ఆఫీసుకి వచ్చింది. ఆస్పత్రి నుంచి వచ్చాక బయటికి అడుగుపెట్టడం అదే మొదలు. చేతిలో కొత్త కర్ర, పక్కన సునీత. కుర్చీలో కూర్చోవడానికే రెండు నిమిషాలు పట్టింది. పిల్లకి హాల్ టికెట్ ఇప్పించమని అడిగింది. కండోనేషన్ జబ్బు చేసినవాళ్ళకేనని చెప్పాను.

"ఆస్పత్రిలోనే ఉంది కదా బాబూ. మంచంమీద నాను, మంచం కింద అది. రిజిస్టర్ తీయించి చూడు."

రోగి మీరు ఆంటీ, ఆ అమ్మాయి కాదు, అన్నాను. తోటి గుమాస్తాలు వింటున్నారని గొంతు కొంచెం పెంచి కూడా అన్నాను.

"అయితే నా జబ్బు దానికి రాసీ. నాకేటి పరీక్షలున్నాయి?"

అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. తర్వాత నవ్వు ఆపి, రూలు రూలే ఆంటీ అన్నాను. నా కొడుకైనా ఇంతే అన్నాను. ఆ చివరి మాట అక్కర్లేదు. ఎవరూ అడగలేదు. అయినా అన్నాను. సునీత అప్పటిదాకా నేలచూపులు చూస్తున్నదల్లా ఒకసారి తలెత్తి నావైపు చూసింది.

మా ప్రిన్సిపాల్ మెత్తని మనిషి. సునీత సంగతి నాలుగు వాక్యాల్లో రాసి పంపితే ప్రత్యేక కేసుగా యూనివర్సిటీకి సిఫారసు చేసేవాడు. అంతకుముందు రెండు కేసుల్లో చేశాడు కూడా. కాని ప్రత్యేక కేసు ముందు పెడితే ఆయన మిగతా కేసుల కాగితాలు కూడా తెప్పించుకుని చదువుతాడు. కామెర్ల కాగితం చదువుతాడు. అందుకని నేను రాయలేదు. రూలు మీద భక్తితో కాదు.

సునీత తండ్రి కూడా ఒకసారి వచ్చాడు. ఏమైనా చెయ్యగలరా సార్ అని అడిగి, ఆ జవాబే విని, తెచ్చిన సంచీ వెనక్కి పట్టుకుపోవడం బాగుండదనుకున్నాడేమో, నా బల్ల పక్కన పెట్టి వెళ్ళిపోయాడు. లేత బీరకాయలు, ఆనపకాయ. అవి మా ఇంట్లో ఎలా ఉపయోగపడ్డాయో చెప్తాను.

అనుమతి పొందినవాళ్ళ జాబితా, ఎవరికి ఏ జబ్బో పేరు పక్కనే రాసి, నోటీసు బోర్డుమీద పెట్టిన రెండో రోజు శుక్రవారం. కూడిక మా ఇంట్లో. ఆంటీ కాలు ముక్కాలి పీటమీద చాపుకుని కూర్చుంది. అవసరతలు ఒక్కొక్కటీ అయ్యాయి. నా వంతు వచ్చినప్పుడు మా ఇంట్లో అంతా బాగానే ఉంది, స్తోత్రం, అన్నాను. ఆంటీ నావైపు జాలిగా చూసి కళ్ళు మూసుకుంది.

"ప్రభువా, షాదీపూర్‌లో, గోధుమరంగు గేటు, సెక్రటరీ బాబు ఇంట్లో, ఇప్పుడు మేం కూకున్న ఈ ఇంట్లోనే నాయనా, లోపలి గదిలో ఉన్న వీళ్ళ పిల్లాడికి కామెర్లు. రెండు నెల్ల నుంచీ. పాపం వీళ్ళు ఎవరికీ చెప్పుకోనేదు, మనసులో పెట్టుకుని కుమిలిపోతన్నారు..."

కళ్ళు తెరిచి చూశాను. నాతోపాటు అందరూ తెరిచారు. లోపలి గది గుమ్మంలో మావాడు వేయించిన చేపముక్కల ప్లేటుతో నిలబడి ఉన్నాడు. నోట్లో కూడా ఒక ముక్క ఉంది.

ఒక పెద్దాయన ఆగలేక, పోయిన ఆదివారం డ్రమ్ములు వాయించాడు కదండీ అన్నాడు. ఆంటీ కళ్ళు తెరవకుండానే జవాబు చెప్పింది.

"పైకి కనబడని కామెర్లు బాబూ. అవే మరీ చెడ్డవి."

ఎవరో దగ్గారు. దగ్గు కాదని అందరికీ తెలుసు. పేటలో సగం మందికి పిల్లలు మా కాలేజీలోనే ఉన్నారు. మావాడు జనవరిలో ఎక్కడ తిరిగాడో ఆ పిల్లలకి తెలుసు, నోటీసు బోర్డుమీద ఏముందో తెలుసు. ముసలామె నన్ను పదిమందిలో నిలబెట్టి, ప్రార్థన అనే కత్తితో నెమ్మదిగా కోస్తోందని ఆ క్షణంలోనే నిర్ణయించుకున్నాను. ఆఫీసులో కాదన్నందుకు ఇది బదులు. ఏం నటన అనుకున్నాను.

ఆ తర్వాత మూడు నెలలు మా ఇల్లు ఆస్పత్రి అయింది. ఆంటీ పురమాయింపుమీద ఆడవాళ్ళు వంతులవారీగా వచ్చారు. ఒకరు నేల ఉసిరి రసం తెచ్చి దగ్గరుండి తాగించారు. ఒకరు చెరుకురసం, ఒకరు బార్లీ నీళ్ళు. నూనె వద్దు, కారం వద్దు, చేప వాసన కూడా తగలకూడదు. మా దీవుల్లో చేప లేకుండా రోజు గడవడం ఎంత కష్టమో ఇక్కడి వాళ్ళకి చెప్పక్కర్లేదు. వచ్చినవాళ్ళు వంటింట్లోకి కూడా తొంగిచూసి వెళ్ళేవాళ్ళు, మరి పథ్యం సరిగ్గా జరగాలి కదా. సునీత తండ్రి ఇచ్చిన బీరకాయలు, ఆనపకాయ మావాడికి చప్పిడి కూరలయ్యాయి. వాడు రెండో ముద్దకే కంచం తోసేసి, ఇంతకంటే ఫెయిలవడం నయం నాన్నా అన్నాడు. మా ఆవిడ నాతో ఎక్కువ మాట్లాడలేదు. ఒక్కసారే అంది.

"రోగం మీరు రాయించారు. పథ్యం నేను వండుతున్నాను. నిజం ఎవరు చెప్తారో మీరే తేల్చుకోండి."

నేనేమీ తేల్చుకోలేదు. రోజూ సాయంత్రం ఫోన్ మోగేది. పిల్లాడి కళ్ళెలాగున్నాయి బాబూ, గోళ్ళు చూశావా, పచ్చదనం తగ్గిందా, అని ఆంటీ అడిగేది. తగ్గిందాంటీ అనేవాణ్ణి. ఫోన్ పెట్టేసి పళ్ళు నూరుకునేవాణ్ణి. ఆ గొంతులో వెటకారం కోసం వెతికేవాణ్ణి. వెతికిన ప్రతిసారీ దొరికేది. ఆ పరీక్షలు మావాడు రాశాడు, అత్తెసరు మార్కులతో గట్టెక్కాడు. సునీత ఆ ఏడు పుస్తకాలు సర్దుకుని ఫెరార్గంజ్ బస్సెక్కింది, ఆంటీని చూసుకోవడానికి మాత్రం వస్తూ పోతూ ఉండేది. జూన్ తర్వాత తిరిగొచ్చి, తనకంటే చిన్నవాళ్ళతో అదే క్లాసులో మళ్ళీ కూర్చుంది.

మా సంఘంలో ఇంకో పద్ధతి ఉంది. ప్రార్థనకి జవాబు వస్తే ఆ మనిషి ఆదివారం నిలబడి సాక్ష్యం చెప్పాలి. మావాడికి నెమ్మదించిందని నేనే రోజూ ఫోన్లో చెప్పాను గనక తప్పించుకునే దారి లేదు. ఆదివారం పొద్దున వాడు మోటారు సైకిలు తీసుకుని వెళ్ళిపోయాడు. సాక్ష్యాల సమయం వచ్చింది, పాస్టరుగారు మా వరుసవైపు చూశారు. నేను లేచాను.

లేచి బాగా చెప్పాను. అది చెప్పుకోవడానికే ఇప్పుడు సిగ్గుగా ఉంది. ఆఫీసు గొంతు, చర్చి గొంతు రెండూ కలిపి చెప్పాను. వైద్యులు చేయలేనిది ప్రభువు చేశాడన్నాను. మొత్తంమీద అబద్ధం లేని మాట అదొక్కటే, ఎందుకంటే వైద్యుడు చేసింది సర్టిఫికెట్ మాత్రమే. వెనక బెంచీల్లో కుర్రాళ్ళు వంగి ముందు బెంచీకి నుదురు ఆనించి నవ్వుకుంటున్నారు. ఆడవాళ్ళ వైపు ఆంటీ కర్ర ఊతంతో లేచి నిలబడింది. కళ్ళనీళ్ళు కారుతున్నాయి. పక్కన సునీత ఆవిడ మోచెయ్యి పట్టుకుని, కిటికీలోంచి బయటికి చూస్తోంది.

ఆరాధన అయ్యాక ఆంటీ నా చేతిని రెండు చేతుల్లోకి తీసుకుంది. "బాబూ, నా ప్రార్థనకి జవాబు రావడం నా కళ్ళతో చూశాను. నాకింక చాలు," అంది. దెబ్బమీద దెబ్బ అనుకున్నాను. చెయ్యి విడిపించుకున్నాను.

ఆ కక్ష ఆరేళ్ళు మోశాను. శుక్రవారం కూడిక మళ్ళీ మా ఇంట్లో పెట్టనివ్వలేదు. ఆవిడ కాలు పూర్తిగా అతకలేదు. చర్చి మెట్లు ఎక్కడం కష్టంగా ఉంది, ఒకవైపు పట్టుకోవడానికి కడ్డీ వేయించమని అడిగింది. కార్యదర్శిని నేను. ప్రతి సమావేశం ఎజెండాలోనూ ఆ అంశం ఆఖర్న వేశాను. ప్రతిసారీ వేళ మించిపోయిందని వచ్చే నెలకి వాయిదా వేశాను. కొన్నాళ్ళు ఇద్దరు సహోదరులు ఆవిడని చెరోవైపు పట్టుకుని ఎత్తేవాళ్ళు. తర్వాత ఎత్తించుకోవడం ఇష్టంలేక ఆవిడ ఆదివారాలు రావడం మానేసింది. ఇంట్లోనే కూర్చుని ప్రార్థించేది. మా ఇంటి కోసం కూడా ప్రార్థిస్తోందని ఎవరో చెబితే, ఇంకా వదల్లేదన్నమాట అన్నాను. చుట్టూ ఉన్నవాళ్ళు నవ్వారు.

జ్ఞాపకార్థ కూడిక అయిన పదిరోజులకి సునీత మా ఆఫీసుకి వచ్చింది. ఇప్పుడు వాళ్ళ ఊళ్ళోనే చిన్న ప్రైవేటు స్కూల్లో పాఠాలు చెబుతోంది. ప్రభుత్వ టీచరు ఉద్యోగానికి దరఖాస్తు పెడుతోందట, డిగ్రీ మధ్యలో ఒక ఏడాది ఎందుకు ఖాళీ ఉందో కాలేజీ నుంచి కాగితం కావాలంది. పాత రిజిస్టర్ తీశాను. ఆమె పేరు పక్కన 'హాజరు లేమి' అని నా దస్తూరీలోనే ఉంది. దాన్ని చూసి ఆ కాగితం టైపు చెయ్యలేకపోయాను. మిగతావాళ్ళు టీకి వెళ్ళిన సమయం. కౌంటరు అద్దానికి ఇటు నేను, అటు ఆమె. ఆరేళ్ళ కిందట మావాడికి ఏ జబ్బూ లేదమ్మా, అన్నాను. నీ సంగతి నేను ప్రిన్సిపాల్‌కి రాసి ఉంటే నీ ఏడాది పోయేది కాదు, మావాడి కాగితం బయటపడుతుందని రాయలేదు, అన్నాను.

"తెలుసంకుల్," అంది.

ఆంటీ చెప్పింటుందిలే అన్నాను. ఆవిడకి మొదట్నుంచీ తెలుసు కదా, అందుకే కదా నన్ను అన్ని నెలలు అలా ఆడించింది, అన్నాను. ఆఖరికి నవ్వడానికి కూడా ప్రయత్నించాను, తప్పు ఒప్పుకున్నాక కొంచెం తేలికపడినవాడిలా.

సునీత నవ్వలేదు. "ఆంటీకేం తెలీదు. ఆ అవసరత ఇచ్చింది నేను. నోటీసు బోర్డు చూసొచ్చి, సెక్రటరీ అంకుల్ వాళ్ళ అబ్బాయికి కామెర్లట ఆంటీ, ఎవరికీ చెప్పుకోలేకపోతున్నారు, మీరు ప్రార్థన చెయ్యండి అన్నాను. మీమీద కోపంతో అన్నాను. ఆవిడ నిజంగానే నమ్మేసింది."

ఆమె తన చేతిలోని దరఖాస్తు అంచుని గోటితో గీస్తూ చెప్పింది. ఎముక అతకాలని డాక్టరు పాలు, గుడ్లు తప్పనిసరిగా తినమన్నాడట. ఆంటీ ఆ మూడు నెలలూ ప్రతి శుక్రవారం మావాడి కోసం ఉపవాసం ఉండేదట. తర్వాత బుధవారాలు కూడా. ఎంత చెప్పినా వినేది కాదట, పాపం ఆ బాబు తన బాధ చెప్పుకోలేని మనిషి అనేదట నా గురించి.

"తర్వాతైనా ఆవిడకి తెలిసిందా?" అని అడిగాను.

"లేదంకుల్. ఆవిడ అన్నం మానేశాక చెప్పడానికి నాకు నోరు రాలేదు. సాక్ష్యం రోజు మీరు లేచినప్పుడు, మీరు చెప్పేస్తారనుకున్నాను."

కాగితం టైపు చేశాను. ఏడాది ఖాళీకి కారణం అన్నచోట, ఆస్పత్రిలో రోగికి సహాయంగా ఉన్నందున అని రాసి, సంతకం పెట్టి, ముద్ర వేశాను. ఆమె అక్కడే నిలబడి మొదటినుంచి చివరిదాకా చదివింది. ఇలా రాయొచ్చని అప్పుడు తెలీదా అంకుల్ అని అడిగింది. తెలుసమ్మా అన్నాను. తల ఊపి, రిజిస్టర్లో సంతకం చేసి, కాగితం మడత పడకుండా ఫైల్లో పెట్టుకుని వెళ్ళిపోయింది. ఆమె వెనక ఇంకో నలుగురు పిల్లలు నిలబడి ఉన్నారు. తర్వాతివాళ్ళని పిలవడానికి నాకు చాలాసేపు పట్టింది.